మార్గాల వడపోతలో అక్షరాల హద్దు

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలమున ఎర్రవల్లి కలదు. జోగులాంబ గద్వాల జిల్లాలో, 44వ జాతీయ రహదారిపై, మరొక ఎర్రవల్లి ఉన్నది. కవరుపై ఊరిపేరు మాత్రమే వ్రాసినచో ఉత్తరము ఏ ఊరికి చేరవలెనో ఎవరును చెప్పలేరు. ఇంటర్నెట్ మార్గాలను వడపోయు రౌటర్లకు గల చిక్కు ఇంచుమించు ఇటువంటిదే.

ఇంటర్నెట్ అనగా వేలాది స్వతంత్ర నెట్‌వర్కుల సముదాయము. ఒక్కొక్క దానికి ఒక సంఖ్య ఉండును, మన బి.ఎస్.ఎన్.ఎల్. సంఖ్య 9829. బి.జి.పి. అను పద్ధతిలో ఒక రౌటరు "ఈ చిరునామాలకు దారి నా గుండా కలదు" అని పొరుగు రౌటరుకు తెలుపునపుడు, ఆ దారిలోని సంఖ్యలను వరుసగా జతచేయును. ఆ వరుసను చూచి దారులను స్వీకరించుటకో, త్రోసివేయుటకో వాడు అక్షర నమూనాలే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు. అమెరికన్ గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రచురించిన సిద్ధాంతము వీటికి మూలము.

నమూనా అంకెలను చూచును గాని సంఖ్యను గ్రహింపదు. 9829 అని మాత్రమే వ్రాసినచో 19829, 98290 గల దారులును అందులో పడును. సిస్కో రౌటర్లలో ముందువెనుకల అడుగు గీత ఉంచితే గాని ఈ చిక్కు తీరదు. ఉర్దూ చదువరులకు ఇది వింత కాదు: ఒక్క నుక్తా పైనుండి క్రిందికి జారిన 'ఖుదా' కాస్తా 'జుదా' అగును. ప్రైవేటు వాడుకకు విడిచిన 64512 నుండి 65534 వరకు గల సంఖ్యలను ఆపుట ఇంకను శ్రమ. "ఇంతకు మించి, అంతకు లోపు" అనుటకు ఈ భాషలో మాట లేదు. 6451 పిదప 2 నుండి 9 వరకు ఏదో ఒక అంకె, 645 పిదప 2 మొదలు 9 వరకు ఒకటి, ఆపై ఏదైనను మరొకటి, ఇట్లు ఆరు ముక్కలు కూర్చవలెను. ఒక్కటి మరచిన వందల సంఖ్యలు జారిపోవచ్చును. జునిపర్ రౌటర్లు సంఖ్యను మొత్తముగా ఒకే మాటగా తీసుకొనును. నాకు ఆ పద్ధతియే మేలనిపించును.

అసలు లోపము ఇంతకన్న లోతైనది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికామ్, సంఖ్య 17557, యూట్యూబును తమ దేశమున నిలుపబోయి, దాని చిరునామాలలో 256 గల ముక్కను తనదిగా ప్రకటించెను. పై నెట్‌వర్కైన పి.సి.సి.డబ్ల్యు. ఆ ప్రకటనను ప్రపంచమునకు అందించెను. చిన్న ముక్కకే రౌటర్లు ప్రాధాన్యమిచ్చును గనుక సుమారు రెండు గంటలు యూట్యూబు అనేకచోట్ల అందలేదు. "17557తో ముగియు దారులను అంగీకరించుము" అను నమూనాను ఎంత శుద్ధముగా వ్రాసినను ఆ ప్రకటన ఆగదు. దారి నిజముగానే 17557తో ముగిసినది. తప్పు చిరునామాలో ఉన్నది, నమూనా చూచునది దారిని.

అందుకు వినియోగదారునికి చెందిన చిరునామాల పట్టికను విడిగా ఉంచి సరిచూడవలెను. ఫలానా చిరునామాను ప్రకటించు హక్కు ఫలానా నెట్‌వర్కుదని సంతకముతో ధ్రువపరచు ఆర్.పి.కె.ఐ. పద్ధతియు నేడు కలదు. అదియు దారి మొదలును మాత్రమే పరీక్షించును. నడుమ వ్రాసిన సంఖ్యలు నిజమా కల్పితమా అన్నది దానికి తెలియదు. చిన్న వినియోగదారుడు పొరపాటున పెద్ద నెట్‌వర్కుల దారులను తన గుండా ప్రకటించునపుడు మాత్రము, ఆ పెద్ద సంఖ్యలను పట్టి ఆపుటకు పాత నమూనాయే నేటికిని అక్కరకు వచ్చుచున్నది.