పట్టీ పెరిగె.. నడుము విరిగె!
ఖాళీ పికప్‌లో కుదుపుల ప్రయాణం

కోలారు: రాత్రి టమాటా లోడుతో వెళ్లేటప్పుడు బండి సాఫీగానే సాగుతుంది. తెల్లారి ఖాళీ క్రేట్లతో తిరిగొచ్చేటప్పుడే డ్రైవరుకు చుక్కలు కనిపిస్తాయి. చిన్న గుంతలో చక్రం పడినా సీటు మీంచి ఎగిరి పడాల్సిందే. కోలారు మార్కెట్ నుంచి ములబాగిలు, నంగలి, పలమనేరు మీదుగా చిత్తూరు, చెన్నై వైపు సరుకు తోలే పికప్ డ్రైవర్లకు ఈ బాధ తెలిసిందే. వెనక కమాను కట్టలో అదనపు పట్టీలు వేయించుకున్న బండ్లలో ఇది మరీ ఎక్కువ.

ఎందుకిలా?

లోడు ఎక్కగానే బండి వెనక్కి కుంగుతోందని యజమాని కమాను షాపుకు తోలుకెళ్తాడు. మేస్త్రీ ఒకటో రెండో పట్టీలు జోడిస్తాడు. బండి లేచి నిలబడుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. కమాను మెత్తగా వంగితేనే గుంత దెబ్బను అది మింగుతుంది. పైన బరువు లేనప్పుడు గట్టి కమాను వంగదు. దెబ్బంతా నేరుగా ఛాసిస్‌కు, అక్కడి నుంచి సీటుకు చేరుతుంది.

పట్టీ మందం కూడా తక్కువ విషయం కాదు. 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి అదే పొడవున్న 10 మిల్లీమీటర్లది వేస్తే ఆ పట్టీ గట్టిదనం దాదాపు రెట్టింపవుతుంది. పాత షాక్ అబ్జార్బర్లు ఈ కొత్త కమాను ఎగురుడును ఆపలేవు. అందుకే ఒక్క గుంతకు బండి రెండు మూడు సార్లు గెంతుతుంది.

నష్టం ఎవరికి?

ముందు డ్రైవరు నడుముకు. ఏళ్ల తరబడి కుదుపుల్లో కూర్చుంటే నడుము నొప్పి పట్టుకుంటుంది. తర్వాత బండికి. బాడీ వెల్డింగులు వదులవుతాయి, నట్లు లూజవుతాయి. సగం లోడే ఉంటే సరుకుకూ దెబ్బే. అడుగు క్రేట్లలో పండు నలిగితే మార్కెట్లో ధర పడిపోతుంది.

అన్నింటికన్నా ప్రమాదం బ్రేకులతో. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. బండి ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో అది సర్దుతుంది. పట్టీలు వేసి బండిని ఎత్తేస్తే, నిండు లోడున్నా ఖాళీ బండే అనుకుని ఒత్తిడి తగ్గిస్తుంది. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

చట్టం మాటేమిటి?

ఎన్ని పట్టీలు వేసినా ఆర్సీలో రాసిన బరువు పెరగదు. టన్నున్నర మోసే బండికి 15 కిలోల క్రేట్లు వంద ఎక్కిస్తే లెక్క సరిపోయినట్టే. ఖాళీ క్రేట్ల బరువు కలిపితే అప్పుడే దాటేసినట్టు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా రూ.20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకు మరో రూ.2 వేలు.

ఏం చేయాలి?

* ముందు టైర్లలో గాలి చూసుకోవాలి. కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువుంటే ఖాళీ బండి మరింత గెంతుతుంది.
* కమాను బుష్‌లు, షాకిల్ బిగుసుకుపోయాయేమో చూడాలి. అవి కదలకపోతే మంచి కమాను కూడా వంగదు.
* అదనపు పట్టీ తీసేయించడమే మేలు. తప్పదనుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు తగలకుండా, లోడు పడ్డాకే ఆనే హెల్పర్ పట్టీ నయం.
* కమాను మార్చాక షాక్ అబ్జార్బర్లు, బ్రేకు వాల్వు సరిచేయించాలి. కొన్ని రోజులు తిరిగాక యు బోల్టులు మళ్లీ బిగించాలి.

రోజూ లోడు దాటుతోందంటే కావాల్సింది ఇంకో పట్టీ కాదు, ఇంకో ట్రిప్పు. లేదంటే ఇంకాస్త పెద్ద బండి. వెనక లేచి నిలబడినంత మాత్రాన బండి మీద బరువు తగ్గినట్టు కాదు.