కర్టెన్ చాటున బిగబట్టుకునే బుజ్జాయి

పధ్నాలుగు నెలల పిల్లవాడు ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. కర్టెన్ చాటుకి వెళ్ళి, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేస్తాడు. కాళ్ళు బిగదీస్తాడు, మొహం కందగడ్డలా ఎర్రబడుతుంది. "పాపం, ముక్కుతున్నాడే, రావట్లేదు" అని అమ్మమ్మ జాలిపడుతుంది. చాలాసార్లు జరిగేది అందుకు పూర్తిగా తలకిందులు. వాడు రానిదాన్ని తోయడం లేదు, వచ్చేదాన్ని ఆపుకుంటున్నాడు. కిందటిసారి నొప్పెట్టింది మరి!

ఈ తంతు చాలా ఇళ్ళలో మొదటి పుట్టినరోజు దాటాక మొదలవుతుంది. ఏడాది నిండేదాకా ఆవుపాలను ముఖ్య ఆహారంగా పట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఆ ఏడాదీ డబ్బాపాల మీద పెరిగిన బిడ్డకు, కేకు కోసిన మర్నాడే డబ్బా అటకెక్కుతుంది. డబ్బా ఖరీదు తలుచుకుంటే ఆ తొందర అర్థం కానిదేమీ కాదు. కానీ కొన్నాళ్ళకే డైపర్‌లో మేక పెంటికల్లాంటి ఉండలు కనిపిస్తాయి.

పాలన్నీ ఒకటి కావు. నూరు మిల్లీలీటర్ల తల్లిపాలలో ప్రొటీన్ ఒక గ్రాము ఉంటే, డబ్బాపాలలో ఒకటిన్నర గ్రాముల లోపు, ఆవుపాలలో మూడు గ్రాముల పైన ఉంటుంది. ఆవుపాల ప్రొటీన్‌లో 80 శాతం కేసిన్. నిమ్మరసం పిండితే పాలు విరిగినట్టు, కడుపులో ఆమ్లం తగిలితే అది ముద్దకడుతుంది. గేదెపాలలో కేసిన్, కొవ్వు, క్యాల్షియం ఇంకా ఎక్కువ. తెలుగిళ్ళలో "పాలు" అంటే సగం చోట్ల గేదెపాలే కదా!

అయినా నేరమంతా పాల స్వభావం మీద నెట్టడం న్యాయం కాదు. అసలు గొడవ కొలతతో. ఈ వయసు బిడ్డకు రోజుకు కావాల్సింది సుమారు వెయ్యి కేలరీలు. లీటరు ఆవుపాలలోనే 600 నుంచి 700 దాకా వస్తాయి. గేదెపాలైతే వెయ్యి దాటినా దాటొచ్చు. నాలుగు సీసాలు తాగినవాడు పప్పన్నం గిన్నె చూసి మొహం తిప్పుకోకేం చేస్తాడు? "అన్నం తినడు, పోనీ పాలైనా తాగనీ" అని ఇంకో సీసా పడుతుంది. పాలలో పీచు ఒక్క పిసరు ఉండదు. పీచున్న తిండి లోపలికి పోకపోతే మలం మెత్తబడేదెలా?

అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 480 నుంచి 720 మిల్లీలీటర్లు చాలంటుంది. అర లీటరు దగ్గర ఆపితే మేలు. రాత్రి తినిపించే పెరుగన్నాన్నీ ఈ లెక్కలోనే కలపాలి. ఇది పేగు సంగతి మాత్రమే కాదు. ఆవుపాలలో ఇనుము నామమాత్రం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. పాలతోనే పొట్ట నింపే ముందు ఈ అంకెలు గుర్తుండాలి.

మార్పు మెల్లగా చేస్తే పేగు అలవాటు పడుతుంది. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం ముందు డబ్బాపాలు కలుపుకోవాలి. అందులో పావు వంతు ఆవుపాలు పోసి మూడు నాలుగు రోజులు చూసి, తర్వాత సగం, ఆపైన ముప్పావు చేయాలి. సీసా మాన్పించి కప్పుకి మారిస్తే తాగే పాలు వాటంతటవే తగ్గుతాయి. తోటకూర పప్పు, బాగా పండిన బొప్పాయి, గింజలు తీసి మెదిపిన జామ, నానబెట్టి నలిపిన ఎండుద్రాక్ష మలాన్ని మెత్తబరుస్తాయి. ఎండుద్రాక్షను మాత్రం అలాగే నోట్లో పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. తిండితోపాటు కప్పుతో మంచినీళ్ళు పట్టాలి.

ఇక మలద్వారంలో పెట్టే సబ్బు ముక్క, ఆముదంలో ముంచిన తమలపాకు తొడిమ. రెండూ పెద్దల చేతి వైద్యాలే. ఆ పూటకి పని జరిగినట్టు కనిపించినా అక్కడి చర్మం మంటెక్కుతుంది, బిడ్డ భయం రెట్టింపవుతుంది. అదే పెద్దలది ఇంకో అలవాటుంది, అది బంగారం. నాయనమ్మ కాళ్ళు చాపుకుని, తన పాదాల మీద పసివాణ్ణి గొంతుకూర్చోబెట్టేది. మోకాళ్ళు పైకి లేచిన ఆ భంగిమలో పెద్దపేగు చివరనున్న వంపు సర్దుకుని దారి తేలికవుతుంది. పాటీ సీటుకి మారిన ఇళ్ళలో కాళ్ళ కింద చిన్న పీట వేసినా చాలు. తిన్న కాసేపటికి పేగు తనంతట తనే కదులుతుంది కనుక కూర్చోబెట్టడానికి అదే సమయం.

కొద్దిమంది పిల్లల్లో మాత్రం పాలే కారణం. ఇటలీలోని పలెర్మోలో 65 మంది మలబద్ధకం పిల్లలకు ఆవుపాలు మాన్పించి సోయాపాలు పట్టి చూస్తే, 44 మందికి నయమైందని 1998లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది. మందులకు లొంగని పిల్లలు వాళ్ళు. పాలు మారిన ప్రతి బిడ్డకీ ఆ లెక్క కట్టేయకూడదు. పాలు పూర్తిగా మాన్పించే ప్రయోగం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. మలంలో రక్తం, పచ్చటి వాంతులు, ఉబ్బిన పొట్ట, జ్వరం, పెరగని బరువు ఉన్నా, పుట్టినప్పటి నుంచీ ఇదే బాధైనా ఆలస్యం చేయకుండా చూపించాలి.

డాక్టరు లాక్టులోజ్ లాంటి సిరప్ రాస్తే ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. నాలుగో రోజు మెత్తగా రాగానే మూత బిగించేస్తారు. పేగు తేరుకున్నా వాడికి నొప్పి గుర్తుంటుంది. మళ్ళీ బిగబడతాడు, లోపల నీరు ఇంకి మలం మళ్ళీ రాయవుతుంది. ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెబుతారు, దానికి కొన్ని నెలలు పట్టినా వింత లేదు. అందాకా ఇంట్లోవాళ్ళు గమనించాల్సింది వాడు ఇంకా కర్టెన్ చాటుకి వెళ్తున్నాడా అని.