సబ్బు పెట్టె మీది ఆకుపచ్చ చుక్క

"అయ్యగారూ, మనం ఒంటికి రాసుకొనే సబ్బులో పశువుల కొవ్వు కలుస్తాదంట, నిజమేనా?" అని స్త్రీల సమాజం కూటాల్లో అడుగుతుంటారు. యౌవనస్థులైతే "కుందేళ్ళ కళ్ళలో షాంపూ వేసి చూస్తారంట కదా" అని ఇంకో ప్రశ్న జోడిస్తారు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒక వస్తువులో జంతువుకు సంబంధించినది ఏదైనా ఉందా అన్నది మొదటిది. ఆ వస్తువు కోసం జంతువును బాధపెట్టారా అన్నది రెండవది. అంగట్లో రెండిటినీ కలిపేస్తారు. మనం విడదీసి చూద్దాం.

ముందుగా కుందేలు సంగతి. 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు జాన్ డ్రెయిజ్ ఒక పరీక్షా విధానాన్ని ప్రచురించాడు. కుందేలును కదలనివ్వకుండా పట్టి, ఒక కంట్లో పరీక్షించవలసిన పదార్థాన్ని వేస్తారు. రెండో కన్ను పోల్చి చూడడానికి. ఎరుపు ఎంత, వాపు ఎంత, పుండు పడిందా, చూపు మందగించిందా అని రోజుల తరబడి మార్కులు వేస్తారు. మన ముఖానికి రాసుకొనే పూతల కోసం ఇది దశాబ్దాల పాటు లోకమంతా సాగింది.

మన దేశం 2014 మే నెలలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని నిషేధించింది. అదే సంవత్సరం నవంబరు నుండి అలా పరీక్షించిన విదేశీ సరుకు దిగుమతిని కూడా ఆపింది. ఐరోపా సమాఖ్య 2013లోనే అటువంటి సరుకు అమ్మకాన్ని ఆపింది. అంటే విజయనగరం గంటస్తంభం దగ్గర మీరు కొనే పౌడరు కోసం మన దేశంలో కుందేలును హింసించడం చట్టవిరుద్ధం. సంతోషమే. అయితే ఈ చట్టం సౌందర్య సాధనాల వరకే. బాత్రూము కడిగే ద్రావకం, గిన్నెలు తోమే సబ్బు దీని కిందికి రావు. పైగా ఇక్కడ పరీక్షించని కంపెనీ వేరే దేశంలో పరీక్షించదని కాదు.

ఇక సబ్బులోని కొవ్వు. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో సోడియం టాలోవేట్ అని ఉంటే అది పశువుల కొవ్వు. సోడియం పామేట్ అంటే పామాయిలు, సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనె. మన దేశపు సబ్బులకు ఎక్కువగా పామాయిలే ఆధారం. టి.ఎఫ్.ఎం. 76 శాతం అని గొప్పగా వేస్తారు. అది కొవ్వు పదార్థం ఎంత ఉందో చెబుతుంది గాని, ఏ కొవ్వో చెప్పదు. గ్లిసరిన్, స్టియరిక్ ఆమ్లం చెట్టు నుండీ రావచ్చు, పశువు నుండీ రావచ్చు. లిప్‌స్టిక్ ఎరుపులో కార్మైన్ లేక సి.ఐ. 75470 అని కనిపిస్తే అది ఒక జాతి పురుగులను ఎండబెట్టి తీసిన రంగు. లానోలిన్ గొర్రె ఉన్నిలోని జిడ్డు. ఆకుపచ్చ చుక్క కొన్ని సబ్బు పెట్టెల మీద ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు. ఉన్నా, లోపలి సరుకు శాకాహార మూలమైనదని మాత్రమే దాని అర్థం. పరీక్షల సంగతి ఆ చుక్క చెప్పదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. శాకాహారం అన్న మాట మన ఊళ్ళలో ఊరికే పుట్టిన మాట కాదు. ఆ మాటతో పల్లెల్లో వీధులు వేరు చేశారు, బావులు వేరు చేశారు. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల తాతలు చచ్చిన పశువు తోలును శుద్ధి చేసి రైతుకు మోటబాన, చెప్పులు కుట్టి ఇచ్చారు. ఆ చెప్పులు తొడుక్కొన్నవాళ్ళే వాళ్ళను అంటరానివాళ్ళన్నారు. అందుచేత "జంతువుది తగిలితే మైల" అన్న లెక్కన సబ్బు ఎంచుకోమని నేను చెప్పను. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో పేతురుకు కలిగిన దర్శనం ఆ లెక్కను ఏనాడో కొట్టివేసింది. ద్వితీయోపదేశకాండములో కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దన్న ఆజ్ఞ ఉంది చూడండి. అది ఎద్దుచేత పని చేయించుకోవద్దని అనలేదు. పని చేసే ఎద్దును ఎలా చూస్తున్నావని అడిగింది. ఆ ప్రశ్నే మనం దుకాణంలో వేయవలసింది.

మన పక్కనున్న పొందూరు ఖద్దరు సంగతే తీసుకోండి. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఊళ్ళో దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు. ఆ సన్నని పళ్ళ వరసతో గింజ మీది దూదిని దువ్వితేనే అంత నాణ్యమైన నూలు వస్తుంది. చుక్కల లెక్కన చూస్తే అహింసకు గుర్తైన ఖాదీ కూడా తప్పిపోతుంది! కాని ఆ దవడకూ, కంట్లో మందు పోసిన కుందేలుకూ మధ్య ఉన్న తేడా చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది.

జంతువు ఊసే లేని వస్తువు కావాలంటే దూరం వెళ్ళక్కరలేదు. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుండి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ గిరిజనుల దగ్గర కుంకుడుకాయలు, సీకాయ కొని అమ్ముతుంది. కుంకుడుకాయలను చితక్కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్ళలో నానబెట్టి పిసికితే నురగ వస్తుంది. సపోనిన్ అనే పదార్థం చేసే పని అది. తలకు పనికొస్తుంది, పట్టుచీరకు పనికొస్తుంది, బంగారం కడగడానికీ పనికొస్తుంది. కంట్లో పడితే మండుతుందన్నది మాత్రం నిజం. ఆ పరీక్షకు కుందేలు అక్కరలేదు, శనివారం సాయంత్రం తలంటు పోయించుకొనే మన పిల్లలను అడిగితే చాలు. ఒంటికి శెనగపిండి, పెసరపిండి, పసుపు కలిపిన నలుగు ఉండనే ఉంది. ఉద్యోగానికి పరుగెత్తే తల్లికి రోజూ ఇవన్నీ కుదరవని నాకు తెలుసు. వారానికొకసారి కుదిరినా కుదిరినట్టే.

మందుల విషయంలో జాగ్రత్త. గొట్టం మాత్రల పైపొర జెలటిన్‌తో, అంటే పశువుల ఎముకలు, తోళ్ళ నుండి తీసిన పదార్థంతో చేసినదని తెలిసి ఎవరైనా వాడకం మానేస్తే ప్రమాదం. డాక్టరుగారిని అడగకుండా ఏ మందూ ఆపవద్దు.

సబ్బు పెట్టెల మీద కంపెనీ చిరునామా, ఫోను నంబరు ఉండాలన్నది చట్టం. స్త్రీల సమాజం తరఫున ఒక ఉత్తరం రాసి మూడు సంగతులు అడగవచ్చు. ఇందులో వాడిన కొవ్వు, గ్లిసరిన్ దేని నుండి తీశారు? మీరు గాని, మీకు ముడిసరుకు అమ్మేవాళ్ళు గాని ఏ దేశంలోనైనా జంతువుల మీద పరీక్షిస్తున్నారా? ఇళ్ళు కడిగే మీ ద్రావకాల సంగతేమిటి? జవాబు వస్తే కూటంలో చదివి వినిపించండి. రాకపోతే ఏ కంపెనీ నుండి రాలేదో అదీ చెప్పండి.