పాఠం చెప్పేది ఎవరు?

సంక్రాంతి సెలవులు అయ్యాయో లేదో వీధి మలుపులో ఫ్లెక్సీలు మారిపోతాయి. 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న పెద్దక్షరాల కింద ర్యాంకర్ల ఫొటోలు వరుస కడతాయి. సాయంత్రమయ్యేసరికి పీఆర్వోలు తలుపు తడతారు. ఈ వారమే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు, నెలాఖరు దాటితే తమ చేతుల్లో లేదంటారు. ప్రాథమిక తరగతుల పిల్లలకీ ఐఐటీ ఫౌండేషన్ ఉందని చెబుతారు. జూన్‌లో బడి తెరిచేలోపు నిదానంగా తేల్చుకోవాల్సిన విషయాన్ని ఒక్క సాయంత్రంలో తేల్చేసేలా చేస్తారు.

వాళ్ల మాటల్లో భవనం ఉంటుంది, ఏసీ గదులుంటాయి, డిజిటల్ బోర్డులుంటాయి, బస్సు రూట్లుంటాయి. పాఠం చెప్పే మనిషి మాత్రం ఉండరు. మూడో తరగతికి లెక్కలు చెప్పేదెవరు? వాళ్లు ఆ బళ్లో ఎన్నేళ్లుగా ఉన్నారు? వచ్చే ఏడాదీ ఉంటారా? అడిగే తల్లిదండ్రులు తక్కువ, అడిగితే చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ. బడిని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ట్యూషన్ విషయంలోనూ అంతే.

ప్రైవేటా, ప్రభుత్వమా?

ఈ వాదన జరగని ఇల్లు లేదు. దీనికి మన ఊళ్లలోనే దొరికిన జవాబు ఒకటుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. ప్రభుత్వ బళ్లలో ఉన్న చిన్నపిల్లల తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకుని, లాటరీ వేశారు. లాటరీ తగిలిన పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు భరించారు. తగలని పిల్లల చదువు మామూలుగానే సాగింది. రెండేళ్ల తర్వాత ఒకసారి, నాలుగేళ్ల తర్వాత ఒకసారి అందరికీ పరీక్షలు పెట్టి చూశారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ ఫలితాల్ని 2015లో ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. లాటరీ తగిలిన పిల్లలు స్పష్టంగా ముందున్నది హిందీలోనే. ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో అప్పుడు హిందీ చెప్పేవారే కాదు.

ఇందులో రెండో సగం కూడా చెప్పాలి. ఆ ప్రైవేటు బళ్లు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయమిచ్చి, మిగిలిన సమయాన్ని ఇంగ్లిష్‌కూ హిందీకీ ఇతర సబ్జెక్టులకూ వాడుకున్నాయి. అంటే తక్కువ గంటల్లో అదే ఫలితం రాబట్టాయి. ఒక్కో విద్యార్థి మీద అవి పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు కూడా లేదు. ఎక్కువ చదువూ, శిక్షణా, జీతమూ ఉన్న టీచర్లుండి కూడా ప్రభుత్వ బళ్లలో ఆ మేరకు ఫలితం కనిపించకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

ప్రైవేటు బడి అన్నంత మాత్రాన చదువు వచ్చేయదు, సర్కారు బడి అన్నంత మాత్రాన పోదు. ఆ ఫలితాలు చెప్పేది సగటు గురించి. మీ పాప చేరేది ఫలానా వీధిలో ఉన్న ఫలానా బళ్లో. ఆ ఒక్క బడి ఎలా ఉందన్నదే మీకు కావాలి. ఇద్దరు మంచి టీచర్లున్న మండల పరిషత్ బడి ఇంటి పక్కనే ఉంటే, దాన్ని దాటి పసివాణ్ని గంటసేపు బస్సులో కూర్చోబెట్టి పంపడం నాకు న్యాయంగా తోచదు.

ఉచితంగా దొరికే మంచి చదువును చూడకుండా దాటిపోయే కుటుంబాలూ చాలా ఉన్నాయి. పి.వి.నరసింహారావు చొరవతో 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులం దారిలోనే ఎన్నో గురుకులాలు వచ్చాయి. ఐదో తరగతిలో చేరడానికి గురుకుల ప్రవేశ పరీక్ష, ఆరో తరగతికి నవోదయ పరీక్ష ఉంటాయి. ఆరో తరగతి నవోదయ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. ఈ పరీక్షల సంగతి తెలిసేసరికే చాలామంది పిల్లలకు వయసు దాటిపోతోంది.

పని రోజున వెళ్లండి

బడిని చూడ్డానికి ఆదివారమో, వార్షికోత్సవం రోజో వెళితే ఏమీ తెలియదు. పాఠాలు జరుగుతున్న మామూలు రోజున వెళ్లండి. ఇంటర్వెల్‌లో పిల్లలు టీచర్ల చుట్టూ మూగుతున్నారా, టీచర్ కనిపించగానే గోడకు అంటుకుపోతున్నారా గమనించండి. బాత్రూమ్‌లు చూడండి, ఆడపిల్లలున్నవాళ్లు తప్పనిసరిగా చూడండి. నీళ్లు రాని బాత్రూమ్ ఉన్న బళ్లో ఆడపిల్లలు పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగడం మానేస్తారు. బెత్తం కనిపించినా, 'మా దగ్గర క్రమశిక్షణ గట్టిగా ఉంటుంది' అని గొప్పగా చెప్పినా వెనక్కి వచ్చేయండి. పిల్లల్ని కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ విద్యాహక్కు చట్టం నిషేధించింది.

అన్నిటికన్నా ఎక్కువ సంగతులు చెప్పేది నోటుపుస్తకం. ఆ బళ్లో చదివే ఇరుగుపొరుగు పిల్లల పుస్తకాలు అడిగి తీసుకుని, అరగంట కూర్చుని తిరగేయండి. ఇద్దరు ముగ్గురు పిల్లల పుస్తకాల్లో ఒకే వ్యాసం అక్షరం పొల్లుపోకుండా ఉంటే, అది బోర్డు మీంచి ఎక్కించుకున్నది. పేజీకో ఎర్ర టిక్కు ఉండి దాని పక్కనే తప్పు అలాగే మిగిలిపోతే, ఆ పేజీని ఎవరూ చదవలేదన్నమాట. తప్పు కింద గీత, పక్కన 'మళ్లీ చెయ్యి' అన్న మాట, మర్నాటి తేదీతో పిల్లాడు మళ్లీ చేసిన లెక్క కనిపించాయా? ఆ టీచర్ ఉన్న బడిని వదులుకోకండి.

తర్వాత, టీచర్లు అక్కడ నిలుస్తున్నారో లేదో కనుక్కోండి. ఏడాదిలో ముగ్గురు లెక్కల సార్లు మారిన తరగతిలో పిల్లలకు లెక్కలు ఎలా వస్తాయి? ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకే పోవాలని, యాజమాన్యానికి 5 శాతానికి మించి మిగలకూడదని 1994 నాటి జీవో నంబరు 1 చెప్పింది. అది ఏ మేరకు అమలవుతోందో ఆ బళ్లో పనిచేసి మానేసిన టీచర్లను కదిపితే తెలుస్తుంది. మన దగ్గర వేలకు వేలు తీసుకుని, పాఠం చెప్పేవాళ్ల చేతిలో మాత్రం ఇంటద్దెకు చాలని జీతం పెట్టే బడి నుంచి మంచి చదువు ఆశించలేం.

ఇప్పటికే బళ్లో ఉన్న పిల్లలకైతే ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. 2005 నుంచి గ్రామాల్లో జరుగుతున్న 'అసర్' సర్వేలో పిల్లల చేత రెండో తరగతి స్థాయి చిన్న కథ చదివిస్తారు, తీసివేతలు, ఒక భాగహారం చేయిస్తారు. అంతే. ఐదో తరగతి చదివే మీ బాబు చేత ఎప్పుడూ చూడని రెండో తరగతి కథ చదివించి, కథేమిటో తన మాటల్లో చెప్పమనండి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. ప్రోగ్రెస్ కార్డులో ఏ-ప్లస్ ఉన్నా ఇక్కడ తడబడితే, కార్డును పక్కనపెట్టి క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఏ మీడియం, ఏ బోర్డు?

ఇంగ్లిష్ రావాలని కూలి చేసుకునే తల్లి కూడా కోరుకుంటుంది. ఆ కోరికను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇంగ్లిష్ నేర్చుకోవడం వేరు, ఇంకా రాని ఇంగ్లిష్‌లో సైన్సునూ లెక్కల్నీ నేర్చుకోవడం వేరు. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మన పట్టణాల్లో తెలుగు మీడియం బడి వెతికినా దొరకని పరిస్థితి వచ్చింది కాబట్టి, ఇంగ్లిష్ మీడియమే తీసుకునేవాళ్లు ఒక్కటి చూడాలి. అర్థం కాని చోట టీచర్ తెలుగులో విడమరిచి చెబుతున్నారా? తెలుగులో మాట్లాడితే జరిమానా వేసే బళ్లో పసిపిల్లలు ప్రశ్నలు అడగడమే మానేస్తారు. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగు కథలు చదివి వినిపించడం మానకపోతే ఆ పిల్లలకు రెండు భాషలూ వస్తాయి.

బోర్డు మారితే చదువు మారిపోతుందన్న భ్రమ కూడా పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్ఈ గుర్తింపు తెచ్చారు. ఆ విధానంలో పరీక్ష పెట్టి చూస్తే పిల్లలు బాగా వెనకబడ్డారని తేలడంతో 2024లో పదో తరగతి వాళ్లను మళ్లీ రాష్ట్ర బోర్డుకు మార్చారు. టీచర్లనూ పిల్లల్నీ సిద్ధం చేయకుండా పేరు మారిస్తే జరిగేది అదే. తరచూ రాష్ట్రాలు మారే ఉద్యోగమైతే సీబీఎస్ఈ సౌకర్యంగా ఉంటుంది. ఉన్న ఊళ్లోనే ఉండేవాళ్లకు బోర్డు చివర చూసుకోవాల్సిన విషయం.

'టెక్నో', 'ఒలింపియాడ్', 'ఇంటర్నేషనల్' లాంటి పేర్లూ అంతే. పేరు చూడకండి, గుర్తింపు పత్రం చూడండి. గుర్తింపు లేకుండా బడి నడపకూడదు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ సంఖ్య ఉంటుంది, అది అడగండి. పిల్లల్ని చేర్చుకోవడానికి వాళ్లకు పరీక్ష పెట్టడం, తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేయడం, డొనేషన్ అడగడం విద్యాహక్కు చట్టం ఒప్పుకోని పనులు. ఇంటర్వ్యూ చేస్తే మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. పుస్తకాలు, యూనిఫాం, బస్సు కలిపి ఏడాదికి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. పుస్తకాల సంచీ పిల్లల బరువులో పదోవంతు దాటకూడదని, రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదని 2020 నాటి బడిసంచీ విధానం చెబుతోంది. యూకేజీ పిల్లకు రోజూ రెండు పేజీల హోంవర్కు ఇస్తున్నామని గర్వంగా చెప్పే బడికి పసిపిల్లల గురించి తెలియదనే అనుకోవాలి.

ట్యూషన్‌కు పంపేముందు

దేశంలో చదువుకునే పిల్లల్లో దాదాపు 27 శాతం మంది ట్యూషనో కోచింగో తీసుకుంటున్నారని 2025లో వెలువడిన కేంద్ర గణాంక శాఖ విద్యా సర్వే తేల్చింది. పట్టణాల్లో 30.7 శాతం, పల్లెల్లో 25.5 శాతం. పల్లెకూ పట్టణానికీ పెద్ద తేడా లేదు. పొద్దున ఎనిమిదికి వెళ్లి సాయంత్రం ఐదింటికి వచ్చిన పిల్లను బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి మళ్లీ ప్రైవేటుకు పంపే ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అంతసేపు బళ్లో ఉన్నా రాని చదువు మరో రెండు గంటల్లో ఎలా వస్తుందో ముందు బడినే అడగాలి. చాలామంది ఆ పని చేయరు.

తల్లీ తండ్రీ పనినుంచి వచ్చేసరికి ఏడవుతుంది కాబట్టి పంపేవాళ్లున్నారు. అది నిజమైన అవసరమే, దాన్ని అవసరంగానే చూసి, ఆటస్థలం ఉన్న చోటో, బంధువుల ఇల్లో వెతుక్కోవచ్చు. పక్కింటి పిల్లలు వెళ్తున్నారని పంపేవాళ్లు వెంటనే మానిపించవచ్చు. పిల్లలు నిజంగా వెనకబడినప్పుడే ట్యూషన్ టీచర్ ఎంపిక అసలు సమస్య అవుతుంది.

తొమ్మిదో తరగతి అబ్బాయికి బీజగణితం రావట్లేదంటే, చాలాసార్లు చిక్కు ఆరో తరగతి భిన్నాల దగ్గర ఉంటుంది. మంచి ట్యూషన్ టీచర్ మొదటి రోజు పాఠం చెప్పరు. రెండు లెక్కలిచ్చి చేయిస్తారు, ఎక్కడ ఆగాడో చూస్తారు, కింది తరగతి పుస్తకం తెమ్మంటారు. అందుకు కొన్ని వారాలు పడుతుందని, ఈలోగా యూనిట్ టెస్టులో మార్కులు పెరగకపోవచ్చని ముందే చెబుతారు. ఆ మాట చెప్పగలిగిన మనిషిని నమ్మవచ్చు. హోంవర్కు పూర్తి చేయించి, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ వేయించి పంపే ట్యూషన్ నెలాఖరుకు మార్కులు తెస్తుంది, పదో తరగతికొచ్చేసరికి గుదిబండ అవుతుంది. నెలకోసారి పుస్తకంలో లేని చిన్న లెక్క మీరే ఇచ్చి చూడండి. 'ఇవాళ సార్‌ని ఏం అడిగావు?' అని అడగండి. రోజుల తరబడి 'ఏమీ అడగలేదు' అన్నదే జవాబైతే అక్కడ చదువు సాగడం లేదు.

పిల్లల సంఖ్య చూడాలి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక బళ్లలో ముప్ఫైమందికి ఒక టీచర్ ఉండాలంటుంది. నాలుగు తరగతుల పిల్లలు నలభైమంది ఒకే హాల్లో కూర్చునే ట్యూషన్‌లో మీవాడి భిన్నాల చిక్కు ఎవరికీ కనిపించదు. కాలనీలో నలుగురైదుగురికి చెప్పే డిగ్రీ విద్యార్థిని, పేరున్న సెంటర్ కన్నా ఎన్నో రెట్లు మేలు కావచ్చు. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టొద్దు, రెండు వారాలు చూసి నిర్ణయించుకోండి.

బళ్లో పాఠం చెప్పే టీచర్ దగ్గరికే ట్యూషన్‌కు పంపొద్దు. విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు చెప్పడాన్ని నిషేధించింది. ట్యూషన్‌కు రాని పిల్లల మీద తరగతి గదిలో శ్రద్ధ తగ్గకూడదన్నదే దాని భావం.

భద్రత గురించి మొహమాటం వద్దు. తలుపు తెరిచి ఉన్న గది, ఇంట్లో మరో పెద్దమనిషి, మీరు చెప్పకుండా వెళ్లినా ఇబ్బందిపడని టీచర్.. ఈ మూడూ ఉండాలి. ఉత్సాహంగా వెళ్లే పిల్ల ఉన్నట్టుండి వెళ్లనంటే, మొండితనమని కసరకుండా కూర్చోబెట్టుకుని వినండి. వెళ్లనన్న చోటికి ఆ రోజు పంపకండి.

పెద్ద కోచింగ్ సెంటర్ల సంగతికొస్తే, 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. యాభైమందికి మించి పిల్లలున్న సెంటర్లకు అవి వర్తిస్తాయి. పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు, ర్యాంకు గ్యారంటీ అని ప్రకటించకూడదు, డిగ్రీ లేనివాళ్లను బోధనకు పెట్టుకోకూడదు. రోజుకు ఐదు గంటలు దాటకూడదు. మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలి. ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్ అనేవాళ్లకు ఈ కాగితం చూపించండి.

చేర్చేశాక పని అయిపోయిందనుకోవద్దు. దసరాకొకసారి, సంక్రాంతికొకసారి నోటుపుస్తకాలు తిరగేసి, టీచర్‌తో కూర్చుని మాట్లాడండి. ప్రభుత్వ బడి అయితే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, ఆ సమావేశాలకు వెళ్లండి. బడి మార్చక తప్పదనిపిస్తే ఫీజు కట్టేశామనో, నలుగురూ ఏమనుకుంటారనో ఆగకండి. ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు ప్రభుత్వ బడికి మారతామంటే హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇచ్చి తీరాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఆపడానికీ వీల్లేదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.