ముండ్లమూరు టు శ్రీశైలం: మ్యాప్‌లో దారి సరే, టెంట్ ఎక్కడేద్దాం?

ముండ్లమూరు నుంచి బైక్ మీద శ్రీశైలం ఎట్టా ప్లాన్ చేయాలో చూద్దాం. దర్శి, పొదిలి, మార్కాపురం, దోర్నాల. రూటు ఇంతే. కానీ మ్యాప్ తొందరగా పోయే దారి చూపిస్తది గానీ చూడదగ్గ దారి చూపించదు. అందుకే ‘యాడ్ స్టాప్’లో కంభం చెరువు పెట్టండి. చుట్టే, కాదనను. అయినా విజయనగర కాలం నాటి చెరువది, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ జాబితాకెక్కింది. సాయంత్రం పూట కట్ట మీద నిలబడి చూడండి, మీకే తెలుస్తది.

ఇక టెంట్. లేయర్స్‌లో శాటిలైట్ పెడితే చెరువు పక్కన చదునుగా జాగా కనపడుద్ది. ఆ ఫొటో ఎప్పుడో ఎండాకాలంలో తీసిందైతే? వానలు పడ్డాక అక్కడ నీళ్లుంటాయి. పైగా ఖాళీగా ఉందంటే ఎవరిదీ కాదని కాదు, ఎవరో రైతు బీడు పెట్టుకున్న చేను కావచ్చు. చీకటి పడకముందే ఊళ్లో పెద్దవాళ్లను అడగండి.

తెల్లారి మళ్లీ మార్కాపురం మీదుగా దోర్నాల. అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు నల్లమల, పులుల అభయారణ్యం. అక్కడ మాత్రం టెంట్ ఊసే వద్దు, ఫారెస్టోళ్లు కేసు పెడతారు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు. మ్యాప్‌ని రాత్రి పదింటికి అడిగినా దర్జాగా దారి చూపిస్తది! అందుకే తిరుగు ప్రయాణానికి ‘అరైవ్ బై’లో దోర్నాల సాయంత్రం 6 అని పెట్టి, ఎన్నింటికి బయల్దేరాలో చూసుకోండి.

అడవిలో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఇంటికాడే ప్రొఫైల్ ఫొటో నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. పెట్రోలు దోర్నాలలోనే కొట్టించండి.