జ్వరం తగ్గింది కదా అని మాత్రలు ఆపేస్తున్నారా?

వానాకాలం వచ్చిందంటే మా దుమ్ముగూడెం వైపు, అటు పర్ణశాల చుట్టుపక్కల అడవి ఊళ్లలో, మలేరియా భయం ఉండనే ఉంటుంది. ఆశా కార్యకర్త వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేస్తుంది, మాత్రలిచ్చి ఎలా మింగాలో చెబుతుంది. అందరం తలూపుతాం. మరి చెప్పినట్టు ఎంతమందిమి చేస్తున్నాం?

మలేరియాలో వైవాక్స్ అనే రకం ఉంది. దానికి క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. మొదటిది రక్తంలోని క్రిమిని చంపుతుంది. కాలేయంలో నక్కి ఉన్నదాన్ని చంపేది రెండోది. నాలుగో రోజుకల్లా ఒళ్లు తేలికపడుతుంది. నాట్లకో, కలుపుకో పోవాలి. ఇంకెందుకులే ఈ మాత్రలు అనిపిస్తుంది. అలా మానేస్తే నక్కిన క్రిమి వారాలకో నెలలకో మళ్లీ లేచి జ్వరం తెస్తుంది.

మానేసిన వాళ్లది మొండితనం అనకండి. 14 రోజులు ఎందుకో వాళ్లకెవరూ విడమరిచి చెప్పి ఉండరు. పరగడుపున మింగితే కడుపులో తిప్పుతుంది. తెల్లారేసరికి పనికి పోయేవాళ్లకు గుర్తుచేసే మనిషి ఉండదు. గోడలకు దోమల మందు కొట్టినప్పుడూ అంతే. రెండున్నర, మూడు నెలలు అలకొద్దంటారు. ఈలోగా పండగ వస్తే గోడ అలక్కుండా ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? అలికితే మందు మట్టి కింద పడిపోతుందని చెబితే కదా ఆగేది!

అందుకని ఇలా చేసి చూడండి. మాత్రను రాత్రి అన్నంతో జతచెయ్యండి, తిన్న వెంటనే మీ ఎదుటే మింగించండి. క్యాలెండర్లో 14 గళ్లు గుర్తుపెట్టి రోజుకొకటి కొట్టెయ్యండి. ఆ పని బడికెళ్లే పిల్లకు అప్పగిస్తే తాతనైనా వదలదు! ఆశా చెప్పింది అక్కడే ఒకసారి తిరిగి ఆమెకే చెప్పండి, తేడా ఉంటే సరిచేస్తుంది. చేలో మంచె మీద పడుకునే మగవాళ్లకు దోమతెర వెంట ఇచ్చి పంపండి. ఇంట్లో కట్టిన తెర వాళ్లను కాపాడదు కదా.

ఒక్క జాగ్రత్త. ప్రైమాక్విన్ గర్భిణులకు, చంటిపిల్లలకు ఇవ్వకూడదు. మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఒకరి మాత్రలు ఇంకొకరికి ఎప్పుడూ ఇవ్వకండి.