ఉగాదికి వచ్చి బతుకమ్మకు వెళ్లే చుట్టాలు

టెక్సాస్‌లో మనం ఉగాది పచ్చడికి మామిడికాయ, వేపపువ్వు వెతుక్కునే రోజుల్లోనే మెక్సికో కొండల నుంచి మోనార్క్ సీతాకోకచిలుకలు ఉత్తరానికి బయలుదేరి వచ్చి ఈ రాష్ట్రంలో దిగుతాయి. మళ్లీ మనం బతుకమ్మలు పేర్చుకునే రోజులు వచ్చేసరికి, ఎక్కడో కెనడా దాకా పోయిన వాటి సంతతి దక్షిణానికి తిరిగి మన ఇళ్ల మీదుగానే మెక్సికో వెళ్తుంది. వచ్చేటప్పుడు వాటికి గుడ్లు పెట్టడానికి ఒక ఆకు కావాలి. వెళ్లేటప్పుడు తాగడానికి తేనె కావాలి. ఆ రెండూ మన పెరట్లోనే ఇవ్వగలం.

మోనార్క్‌ను 1995లో టెక్సాస్ తన రాష్ట్ర కీటకంగా ప్రకటించింది. ఈ గడ్డ మీద ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కని, తోటలు వేసుకున్న మనకు ఆ గౌరవంలోనూ ఆ బాధ్యతలోనూ వాటా ఉంది. నా మాట ఒక్కటే: మోనార్క్‌లను పెంచాలనుకునేవాళ్లు ముందు వాటికి కావలసిన తోటను పెంచాలి.

నాలుగు తరాల ప్రయాణం

మోనార్క్ బరువు సుమారు అర గ్రాము. రెక్కలు విప్పితే నాలుగంగుళాలు. ఆ ఒంటితో అది దక్షిణ కెనడా నుంచి మధ్య మెక్సికో దాకా దాదాపు మూడు వేల మైళ్లు ఎగురుతుంది. మిచోవాకాన్, మెక్సికో రాష్ట్రాల కొండల్లో, సుమారు పది వేల అడుగుల ఎత్తున ఉండే ఓయమెల్ చెట్ల అడవులు దాని చలికాలపు మజిలీ. అక్కడ కొమ్మలు వంగిపోయేంత గుంపులుగా వేలాడుతూ చలికాలం గడుపుతాయి. మార్చిలో ఎండ కాస్త చురుక్కుమనగానే జతకట్టి బయలుదేరతాయి. ఉత్తర మెక్సికోలోనూ టెక్సాస్‌లోనూ గుడ్లు పెట్టి చనిపోతాయి.

ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇంకొంచెం ఉత్తరానికి పోతాయి, వాటి పిల్లలు ఇంకా పైకి. వేసవిలో పుట్టిన ఒక్కో తరం రెండు నుంచి ఆరు వారాలే బతుకుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో పుట్టే ఆఖరి తరం తీరు వేరు. అది వెంటనే జతకట్టదు. ఒంట్లో కొవ్వు దాచుకుని దక్షిణానికి తిరుగుతుంది, ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. ముత్తాతలు వదిలిన అడవికి, తాను ఎన్నడూ చూడని అడవికి, దారి చూపేవాళ్లు లేకుండానే చేరుతుంది. సూర్యుణ్ని బట్టి దిక్కు తెలుసుకుంటుందనీ, పొద్దు కదిలే కొద్దీ లెక్క సరిచేసుకునే గడియారం దాని మీసాల్లో ఉందనీ శాస్త్రవేత్తలు 2009లో చూపించారు.

ఆ అడవి ఎక్కడుందో బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియదు. టొరంటోకు చెందిన ఫ్రెడ్ ఉర్క్‌హార్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల పాటు మోనార్క్‌ల రెక్కలకు చిన్న చీటీలు అంటించి జాడ వెతికారు. వేల మంది సామాన్యులు వారికి తోడయ్యారు. చివరికి 1975 జనవరిలో వారి తరఫున తిరుగుతున్న కెన్ బ్రగ్గర్, మిచోవాకాన్‌లోనే పుట్టిన కాటలీనా అగ్వాడో ఆ గుంపులను కనుగొన్నారు. కొండ కింది ఊళ్లవాళ్లకు మాత్రం అవి ఏటా వస్తాయని ఎప్పటి నుంచో తెలుసు. మరుసటి ఏడాది ఉర్క్‌హార్ట్ స్వయంగా అక్కడికి వెళ్లినప్పుడు మిన్నెసోటాలో చీటీ అంటించిన సీతాకోకచిలుక ఆయన కంటపడింది. ఆ అడవులు 2008 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

నవంబరు మొదటి రోజుల్లో అవి అక్కడికి చేరుతాయి. మెక్సికోలో చనిపోయిన పెద్దలను తలుచుకునే పండుగ అప్పుడే వస్తుంది. పెద్దల ఆత్మలే ఇలా తిరిగి వస్తాయని అక్కడివాళ్ల నమ్మకం. పెద్దల కోసం వాళ్లు ఇళ్లలో వేదికలు అలంకరించేది బంతిపూలతో. దసరాకు మనం గుమ్మాలకు కట్టే, బతుకమ్మలో పేర్చే బంతికి పుట్టిల్లు మెక్సికోయే. ఆ పువ్వు సముద్రాలు దాటి తెలుగు నేలకు వచ్చి మనదైపోయింది. ఇప్పుడు మన పెరళ్లలో, తన పుట్టింటికి పోయే సీతాకోకచిలుకల దారిలో పూస్తోంది.

జిల్లేడుకు చుట్టం

మోనార్క్ గొంగళి పురుగు తినేది మిల్క్‌వీడ్ ఆకు ఒక్కటే. వేరే ఆకు పెడితే ఆకలితో చచ్చిపోతుంది. ఊరి నుంచి మా అత్తయ్య వచ్చినప్పుడు ఆ మొక్క ఆకు తుంచి, కారిన పాలు చూసి, "ఇది మన జిల్లేడుకు చుట్టంలా ఉందే" అన్నారు. నిజంగానే చుట్టం. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. రథసప్తమి నాడు తల మీద పెట్టుకుని స్నానం చేసే జిల్లేడు ఆకు, వినాయకుడి ఇరవై ఒక్క పత్రిలో ఒకటైన జిల్లేడు ఆకు, ఊళ్లో బీడు భూమిలో మోనార్క్ దాయాదిని పోషిస్తుంటుంది. ఇంగ్లీషులో దాన్ని ప్లెయిన్ టైగర్ అంటారు. నారింజ రంగు రెక్కలు, నల్ల అంచు, తెల్ల చుక్కలు. రెండూ డానాస్ ప్రజాతివే. గొంగళి పురుగులు కూడా పసుపు, నలుపు, తెలుపు చారలతో ఒకేలా ఉంటాయి. మోనార్క్ పురుగుకు రెండు జతల నల్లని కొమ్ముల్లాంటి తీగలుంటే, మన ఊరి దానికి మూడు జతలు. చిన్నప్పుడు జిల్లేడు చెట్టు దగ్గర ఆడుకున్నవాళ్లెవరైనా దీన్ని చూసే ఉంటారు.

జిల్లేడు పాలు కంట్లో పడకూడదని మన పెద్దలు చెప్పిన జాగ్రత్తే మిల్క్‌వీడ్‌కూ వర్తిస్తుంది. ఆకు తుంచిన చేత్తో కళ్లు నలుపుకోకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ పాలలోని విషమే మోనార్క్‌కు కవచం. పురుగు దాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా అది పోదు. ఒకసారి తిని కక్కుకున్న పక్షి ఆ నారింజ రంగును మళ్లీ ముట్టదు. లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త బ్లూ జే పిట్టలతో ఈ సంగతి 1960లలోనే నిరూపించారు.

మన అమ్మానాన్నలు, అత్తమామలు చాలామంది ఏప్రిల్‌లో వచ్చి అక్టోబరులో వెళ్తారు. మోనార్క్ ఇక్కడ వచ్చిపోయే కాలం కూడా అదే. మొక్కల మధ్య పెరిగిన ఆ పెద్దవాళ్లకు అమెరికాలో పగలు గడవడం కష్టం. పురుగు కనబడగానే మందు కొట్టమని చెప్పే అలవాటు వాళ్లకు ఉండవచ్చు. కానీ ఇది జిల్లేడు పురుగు దాయాది అని ఒక్కసారి చెప్పి చూడండి, రోజూ ఉదయం ఆకులు తిరగేసి లెక్క చెప్పేది వాళ్లే. మనవళ్లకు, వాళ్లకు మధ్య భాష తడబడే చోట ఈ పురుగు మాట కలుపుతుంది.

పెరట్లో ఏం వేయాలి

మిల్క్‌వీడ్‌లో చాలా రకాలున్నాయి. మన ప్రాంతపు రకాలే వేయాలి. టెక్సాస్ బీళ్లలో తనంతట తాను పెరిగే గ్రీన్ మిల్క్‌వీడ్, యాంటిలోప్ హార్న్స్ ఎండకు తట్టుకుంటాయి. తల్లివేరు లోతుకు పోతుంది కనుక పెరిగిన మొక్కను తవ్వి మార్చకూడదు, విత్తనమే చల్లుకోవాలి. నీళ్లు పెట్టే పాదుల్లో స్వాంప్ మిల్క్‌వీడ్ బాగా వస్తుంది. ఈ విత్తనాలకు చలి తగలాలి. శీతకాలం ముందే మట్టిలో చల్లండి, లేదా తడి కాగితంలో చుట్టి నెలన్నర ఫ్రిజ్‌లో ఉంచి వసంతంలో నాటండి.

దుకాణాల్లో సులభంగా దొరికేది ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్. చూడ ముచ్చటగా ఉంటుంది, గుడ్లూ పెడతాయి. కానీ వెచ్చని చోట అది చలికాలంలో చావదు. ఆకుల మీద ఓ.ఈ. అనే పరాన్నజీవి సిద్ధబీజాలు పేరుకుపోతాయి. వాటిని తిన్న పురుగులు రెక్కలు సరిగా విచ్చుకోని సీతాకోకచిలుకలుగా తేలుతాయి. పైగా పచ్చని ఆకు చూసి కొన్ని వలస మానేసి అక్కడే ఆగిపోతాయి. ఇప్పటికే ఇంట్లో ఉంటే అక్టోబరులో మొదలంటా కోసేయండి, వీలైనంత త్వరగా మన ప్రాంతపు రకంతో మార్చండి.

రెండోది తేనె. వలస వెళ్లే మోనార్క్‌కు చలికాలమంతా గడవడానికి టెక్సాస్‌లో తాగే తేనె చాలా ముఖ్యం. గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్ అనే నీలి పూల మొక్క ఒక్కటి వేస్తే చాలు, మోనార్క్‌లూ వాటి దగ్గరి బంధువులైన క్వీన్‌లూ గుంపుగా వాలతాయి. ఆస్టర్, గోల్డెన్‌రాడ్, లయాట్రిస్ ఈ నేల పూలే. గోల్డెన్‌రాడ్‌తో తుమ్ములొస్తాయన్నది అపోహ. ఆ నేరం అదే కాలంలో పూసే రాగ్‌వీడ్‌ది. మన అలవాటు పూలలో జిన్నియా, బంతి, గునుగు ఉన్నాయి. గునుగు ఇక్కడి నర్సరీల్లో సెలోషియా పేరుతో దొరుకుతుంది. బంతిలో ముద్దబంతి కంటే రేకబంతి మేలు. రేకులు కిక్కిరిసిన పువ్వులో సీతాకోకచిలుక నోటి గొట్టానికి తేనె సులువుగా అందదు.

అన్నిటికంటే ముఖ్యం, మందు కొట్టకపోవడం. దోమల మందు, గడ్డి మందు, వంకాయ మీద కొట్టే పురుగుమందు అన్నీ గాలికి మిల్క్‌వీడ్ మీద పడతాయి. మొక్క కొనేటప్పుడు నియోనికోటినాయిడ్ మందు వాడారా అని నర్సరీవాళ్లను అడగండి. ఆ మందు మొక్కలోపలికే పోయి ఆకు తిన్న పురుగును చంపుతుంది. మిల్క్‌వీడ్‌కు పసుపు రంగు పేనుబంక పడితే గుడ్లు, పురుగులు లేవని చూసుకుని, గొట్టంతో నీళ్లు గట్టిగా కొడితే చాలు.

పిల్లలతో పెంచేటప్పుడు

ఆకు అడుగున గుండుసూది తలంత లేత తెలుపు గుడ్డు. మూడు నుంచి అయిదు రోజుల్లో పొదుగుతుంది. బయటికి వచ్చిన పురుగు మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. పది, పద్నాలుగు రోజుల్లో అయిదు దశలు దాటి, పుట్టినప్పటి బరువుకు సుమారు రెండు వేల రెట్లు పెరుగుతుంది. తర్వాత తలకిందులుగా వేలాడి, చర్మం విడిచి, బంగారు చుక్కలున్న పచ్చని ప్యూపాగా మారుతుంది. ఎనిమిది నుంచి పదిహేను రోజులకు ఆ పచ్చదనం పారదర్శకమై లోపలి నారింజ రంగు కనిపిస్తుంది. మర్నాడే సీతాకోకచిలుక బయటపడుతుంది. మా అమ్మాయి ఇదంతా ఒక్క వేసవిలో చూసింది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత నేర్పదు.

అయితే దయచేసి ఎక్కువ పెంచకండి. కీటకాల సంరక్షణ సంస్థ జర్సీస్ సొసైటీ ఏడాదికి ఒక కుటుంబం పదికి మించి పెంచవద్దంటోంది. ఒకే పెట్టెలో ఎక్కువ పురుగులుంటే రోగం ఒకదాని నుంచి మరొకదానికి అంటుకుంటుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటిలోపల పెరిగిన మోనార్క్‌లు దక్షిణ దిక్కు పట్టలేకపోయాయి. కాబట్టి వలపెట్టె వరండాలో, సహజమైన వెలుతురు, వేడిలో ఉండాలి. ఎండ నేరుగా పడకూడదు. రోజూ రెట్టలు తీసి శుభ్రం చేయాలి, తాజా ఆకు కడిగి పెట్టాలి. దుకాణాల్లో అమ్మే పురుగులు కొనకూడదు. మన తోటలో దొరికిన గుడ్డును మన తోటలోనే వదలాలి.

బయట వంద గుడ్లలో పది కూడా సీతాకోకచిలుకలు కావన్న మాట నిజమే. సాలీళ్లు, చీమలు, కందిరీగలు తింటాయి. అందుకే ఒక ఆడ మోనార్క్ మూడు నుంచి అయిదు వందల గుడ్లు పెడుతుంది. ఆ లెక్క ప్రకృతిది. మనం సరిచేయవలసింది ఆకు కొరతను.

ఎకరాల్లో లెక్క

మెక్సికోలో చలికాలపు గుంపులు ఎంత అడవిని కప్పాయో ఏటా కొలుస్తారు. 1996-97లో సుమారు 45 ఎకరాలు. 2013-14లో ఎకరంన్నర చిల్లర. 2023-24లో రెండు ఎకరాల పైచిలుకు, ఆ మరుసటి శీతకాలంలో నాలుగున్నర ఎకరాలకు దగ్గర. ఊళ్లో ఒక చిన్న రైతు కమతమంత చోటులో తూర్పు ఉత్తర అమెరికా మోనార్క్‌లు దాదాపు అన్నీ తల దాచుకుంటున్నాయి. మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపు మందును తట్టుకునే విత్తనాలు వచ్చాక ఆ పొలాల మిల్క్‌వీడ్ తుడిచిపెట్టుకుపోయింది. మెక్సికోలో చెట్లు నరికారు, టెక్సాస్‌లో కరువులు వచ్చాయి. అమెరికా వన్యప్రాణి శాఖ 2024 డిసెంబరులో మోనార్క్‌ను ముప్పు పొంచి ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

పొలాల్లో పోయిన ఆకును ఇళ్ల మధ్య తిరిగి పెంచడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో 1992లో మొదలైన మోనార్క్ వాచ్ సంస్థ ఇలాంటి తోటలను మజిలీలుగా నమోదు చేస్తుంది. శరదృతువులో రెక్కలకు అంటించే చీటీలూ ఇస్తుంది. మన బడి పిల్లలు చేయదగ్గ మంచి పని అది.

మన తెలుగు సంఘం సభ్యులకు నా విన్నపం. ఈ శీతకాలం ముందే ఇంటికి నాలుగు మన ప్రాంతపు మిల్క్‌వీడ్ మొక్కలకు చోటు చూడండి. పెరట్లో మందు కొట్టడం ఆపండి. వచ్చే బతుకమ్మ కోసం వేసే బంతి మడిలో ముద్దబంతి పక్కన రేకబంతి కూడా వేయండి. ముద్దబంతి బతుకమ్మకు కోసుకోండి, రేకబంతి చెట్టునే ఉంచండి.